భాగ్య వేళ్ళకు మైదాకు

మా మెదక్‌లో నా జాకెట్లు కుట్టే భాగ్యకు ఖతర్ వీసా వచ్చింది. సంగతి ముందే చెప్పేస్తున్నాను, చదువుతూ చదువుతూ మీరు కూడా నాలాగా బీపీ పెంచుకోకూడదని. ఆ వీసా కోసం నేను అరిచిన అరుపులకు నా గొంతు ఇప్పటికీ దారికి రాలేదు. అది స్కూల్లో పిల్లల మీద అరిచి పోయిన గొంతే అని మా ఆయన దావీదు అంటాడు. ఆయన మాట మీరేం పట్టించుకోకండి.

నా పేరు క్రిస్టినా. పెద్ద చర్చి వెనక వీధిలో మా ఇల్లు. ఎదురుగా రేకుల షెడ్డులో భాగ్య కుట్టుమిషను. చూడ్డానికి గాలికి ఎగిరిపోయేలా సన్నగా ఉంటుంది గానీ పనిలో మహా మొండిది. పాత జాకెట్ కొలతకిచ్చి పొమ్మంటే ఒప్పుకోదు. "మొన్నటి కంటే జర ఒళ్ళొచ్చింది టీచరమ్మా, మళ్ళ కొలుస్త" అని నలుగురి ముందే అనేస్తుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. కానీ ఆమె కుట్టిన జాకెట్‌కు భుజం దగ్గర ఒక్క ముడత పడదు కాబట్టి నోరు మూసుకుంటాను. చెప్పిన రోజుకు కుట్టివ్వడం మాత్రం ఈ జన్మలో ఆమెకు చేతకాలేదు.

భాగ్యది శంకరంపేట దగ్గర పల్లె. పదో తరగతి పాసయ్యాక మిషను నేర్చుకుంది. మెదక్‌లో మక్కకంకులు కాల్చి అమ్మే ఆగమ్మ కొడుకు చంద్రకాంత్‌కు ఇచ్చి చేశారు. అతను ఏసీలు బాగుచేస్తాడు. ఎండాకాలంలో పెళ్ళయింది, వెంటనే ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింటి గడప తొక్కకూడదని మావైపు హిందువుల ఇళ్ళలో గట్టి పట్టింపు. అందుకని భాగ్యను పుట్టింటికి పంపేశారు. సరిగ్గా ఆ నెలలోనే చంద్రకాంత్‌కు ఖతర్‌లోని దోహాకు వీసా వచ్చింది.

వేరే ఎవరైనా అయితే ఏం చేస్తారు? కొడుకు దేశం దాటి పోతున్నాడు, కోడల్ని ఒక్క పూట పిలిపిద్దాం అనుకుంటారు. ఆగమ్మ అనుకోలేదు. "ఆషాఢంల గడప తొక్కితే నా కొడుక్కు మంచిగ కాదు" అని భీష్మించుకుని కూర్చుంది. చివరికి భాగ్య నాన్న ఎల్లం ఉండబట్టలేక, బిడ్డను బండి మీద ఎక్కించుకుని రామాయంపేట బస్టాండుకు తీసుకొచ్చాడు. హైదరాబాద్ పోయే బస్సు అక్కడ ఆగిన కాసేపే ఆలుమగలు ఒకరినొకరు చూసుకున్నది.

"ఏం మాట్లాడుకున్నరే?" అని ఒకసారి భాగ్యను అడిగాను.

"ఏం మాట్లాడలె టీచరమ్మా. దూపయితదేమో అని వాటర్ బాటిల్ తేనీకి ఉరికిన. వచ్చేసరికి బస్సు కదిలింది. కిటికీలకెల్లి బాటిల్ అందిచ్చిన, గంతే" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పటి నుంచి ఎన్నో ఆషాఢాలు వచ్చిపోయాయి. చంద్రకాంత్ రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తాడు, ఆ సెలవు చుట్టాల పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ సరిపోతుంది. భార్యను తీసుకెళ్ళాలంటే అక్కడి లెక్క ప్రకారం అతని జీతం చాలదట. పిల్లలెప్పుడే అని అడిగే అమ్మలక్కలకు భాగ్య దగ్గర జవాబు రెడీగా ఉండేది. "ఫోన్లకెల్లి పుట్టరు గదా చిన్నమ్మా" అనేది. వాళ్ళు మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

ఈ ఏడాది మొదట్లో ఒక దారి కనబడింది. చంద్రకాంత్ ఏసీలు చూసే హోటల్లో, అక్కడి పనివాళ్ళ యూనిఫాంలూ కర్టెన్లూ కుట్టే గదికి ఒక ఆడ టైలర్ కావాలన్నారు. హైదరాబాద్ ఏజెన్సీలో శ్రీనివాస్ అనే ఆయన భాగ్యను పిలిచి, ముందర గుడ్డ పడేసి చొక్కా కాలర్ కుట్టమన్నాడు. ఆమె కుట్టింది. ఉద్యోగం ఖాయమైంది. అంటే మొగుడి వెంట పోవడం కాదు, తన చేతిపనితో తనే పోవడం. ఆమె ఉండేది ఆడవాళ్ళ హాస్టల్లో, అతనుండేది మగవాళ్ళ క్యాంపులో. అయినా ఊరు ఒకటే.

"వారానికోసారి మనిషిని మనిషిలెక్క సూస్త టీచరమ్మా. నాకు గది చాలు" అంది భాగ్య. ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఆమెకు కనబడకుండా, జాకెట్ ఇంకా కుట్టలేదేమని అరిచాను.

ఒక్కటే చిక్కు. కాగితాలు తెమిలేసరికి ఎండాకాలం పోయింది, ఇక ఆ నెలాఖరులోపు వీసా పని మొత్తం పూర్తి కావాలి. కాకపోతే ఆ ఉద్యోగం వరసలో ఉన్న ఇంకో మనిషికి పోతుందని శ్రీనివాస్ ఫోన్లో ఖరాఖండిగా చెప్పాడు. హైదరాబాద్ వీసా సెంటర్‌లో వేలిముద్రలు ఇవ్వాలి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి, డాక్టర్ పరీక్ష చేయించుకోవాలి. అన్నీ ఒకే రోజు. ఆ రోజు మళ్ళీ ఆషాఢంలోనే పడింది.

నేను స్కూలుకు సెలవు పెట్టి తోడు బయల్దేరాను. పొద్దున్నే బస్టాండుకు వెళ్ళేసరికి భాగ్య పక్కన ఆగమ్మ కూడా ఉంది, చేతిలో కాల్చిన కంకుల సంచీతో.

"నువ్వెందుకు ఆగమ్మా, అక్కడ నిన్ను లోపలికి కూడా రానియ్యరు" అన్నాను.

"రానియ్యకపోతె బయట కూసుంట. నాకేం పరేషాన్ లేదు" అని నాకంటే ముందు బస్సెక్కి కిటికీ సీటు పట్టింది.

భాగ్య తల నిండా కొబ్బరినూనె. జడ పట్టుకుంటే చేయి జారేలా ఉంది. "పట్నం పోతున్నవా, పచ్చళ్ళ జాడీల మునిగొచ్చినవా?" అన్నాను. "అత్తమ్మ పెట్టింది. వద్దంటె ఇంటదా?" అని నవ్వుతూ చేతులు చూపించింది.

మైదాకు! అరచేతిలో నిండు చందమామ, పది వేళ్ళ కొసలకూ టోపీలు తొడిగినట్టు ముదురెరుపు. కోన్లతో పెట్టుకునే సన్న గీతల రకం కాదు, ఆకు కోసి రోట్లో నూరి ముద్దలు ముద్దలుగా పెట్టిన అసలు సిసలు మైదాకు. "అబ్బ, ఎంత మంచిగ పండిందే!" అన్నాను. ఆగమ్మ మొహం చూడాలి, పట్టపగలే దీపం పెట్టినట్టుంది.

వీసా సెంటర్‌లో ఆగమ్మను గేటు దగ్గరే ఆపేశారు. నేను సెక్యూరిటీ ఆయన్ను బతిమాలి, బెదిరించి, లోపల కుర్చీల దాకా వెళ్ళాను. భాగ్య నంబర్ పిలిచారు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నవ్వుతూ పాస్‌పోర్ట్ తీసుకుని, వేళ్ళు మిషన్ మీద పెట్టమంది. భాగ్య చేయి చాపింది. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

"మేడం, వేలి కొసల మీద మెహందీ ఉంటే ప్రింట్స్ తీసుకోవడానికి రూల్ లేదు. తీసుకున్నా మిషన్‌లో సరిగ్గా పడవు."

నేను కుర్చీలోంచి లేచి కౌంటర్ దగ్గరికి పోయాను. "రూలా? ఎక్కడుంది రూల్, చూపియ్యి" అన్నాను. ఆ అమ్మాయి మర్యాదగా నా వెనక గోడ చూపించింది. నిజంగానే రాసి ఉంది, తెలుగులో, పక్కన గోరింటాకు చేయి బొమ్మ వేసి దాని మీద ఎర్ర గీత కూడా కొట్టి ఉంది.

ఆమె బ్యాడ్జి మీద 'నిస్సి' అని బైబిలు పేరు చదివాను. నాకు ప్రాణం లేచొచ్చింది. "నిస్సీ, నువ్వు మన సంఘం పిల్లలెక్కనే ఉన్నవమ్మా. మాది మెదక్, చర్చి వెనకాలనే ఇల్లు" అన్నాను.

"ప్రైజ్ ద లార్డ్ ఆంటీ. కానీ ముద్రలు పడాలి కదా" అంది ఆ పిల్ల. "ఇంకో డేట్ తీసుకోండి. వచ్చే నెలలో ఖాళీ చూపిస్తోంది."

వచ్చే నెలంటే ఉద్యోగం పోయినట్టే. భాగ్య ఏడవలేదు. తన పది వేళ్ళనూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూస్తూ నిలబడింది. బహుశా అది చూసే నిస్సి మనసు కొంచెం మెత్తబడినట్టుంది. గొంతు తగ్గించి, "కడుక్కుని రండి. సెంటర్ మూసేలోపు వస్తే ఇంకోసారి పెట్టి చూస్తాను. రంగు తగ్గి ముద్రలు పడితే సరే, లేకపోతే నా చేతిలో ఏం లేదు" అంది.

బయటికి రాగానే నా కోపమంతా ఆగమ్మ మీద విరుచుకుపడింది. ఆమె పాపం గోడ నీడలో కూర్చుని, అయిపోయిందా బిడ్డా అని లేవబోతోంది.

"అయిపోయింది, అంతా అయిపోయింది! అప్పుడేమో ఆషాఢమని ఆపినవ్. ఇప్పుడు మైదాకు పెట్టి ఆపినవ్. కోడలు పోవుడు నీకు ఇష్టం లేకపోతే ముంగటనే చెప్పొద్దా ఆగమ్మా? గింత డ్రామా ఎందుకు?" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

"ఊకోండ్రి టీచరమ్మా, ఆమెకేమెర్క" అంది భాగ్య. వేళ్ళు ఎందుకు పనికిరాలేదో అత్తకు తనే విడమరిచి చెప్పింది.

ఆగమ్మ మూలనున్న సోడాబండి దగ్గరికి గబగబా నడిచింది. కొన్ని నిమ్మకాయలూ గుప్పెడు ఉప్పూ కొంగులో వేసుకుని వచ్చి, ఫుట్‌పాత్ మీద చతికిలబడింది. భాగ్య చేతులు లాగి ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"తిట్టు పంతులమ్మా, పడ్త. గప్పుడు ఆపింది నేనే. నా కొడుకు బస్సుల కూసోని ఎన్కకు సూసుకుంట సూసుకుంట పోయిండని ఎల్లం బావ చెప్పిండు. గప్పటిసంది నా గుండెల ముల్లున్నట్టే ఉన్నది. తొలి ఆషాఢం పిల్లను ఉత్త చేతుల్తోని ఎల్లగొట్టిన గదా. గందుకే ఈసారి నేనే ఆకు తెంపిన, నేనే నూరిన. మొగని తాన్కి పోయే పిల్ల, చేతులు ఎర్రగ పండి పోవాలె అనుకున్న. గా మిషిన్‌కు ఎరుపు పడదని నాకెవలు చెప్పిండ్రు?"

ఆమె కన్నీళ్ళు భాగ్య చేతుల మీద నిమ్మరసంలో పడుతున్నాయి. భాగ్య కూడా ఏడ్చేసింది. ఒక నిమ్మచెక్క తీసుకుని భాగ్య ఎడమచేయి నేను పట్టుకున్నాను.

ముగ్గురం అలా రుద్దుతూనే ఉన్నాం. సూది పోట్లు ఉన్న చోట ఉప్పు మండుతుంటే భాగ్య పంటి బిగువున కూర్చుంది. ఎరుపు పోలేదు గానీ పైన ఉన్న ముదురు పొర లేచి, వేళ్ళు లేత నారింజ రంగుకు దిగాయి. సోడాబండి ఆయన కూడా వచ్చి, "ఇంకో రెండు కాయలియ్యాల్నా అమ్మా" అని అడిగి, అడక్కుండానే కోసిచ్చాడు.

మూసేవేళకు మళ్ళీ లోపలికి వెళ్ళాం. నిస్సి భాగ్య వేళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, మిషన్ మీద పెట్టించింది. కుడిచేతి నాలుగు వేళ్ళు. స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది. గట్టిగా నొక్కమంది. పచ్చగా మారింది. నేను కుర్చీ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తున్నాను. ఎడమచేతి నాలుగు వేళ్ళూ పచ్చగానే వచ్చాయి. కుడి బొటనవేలు కూడా పడింది. మిగిలింది ఎడమ బొటనవేలు. అది పడలేదు. మళ్ళీ పెట్టింది, పడలేదు. తుడిచి పెట్టింది, పడలేదు.

"లెమన్‌కు స్కిన్ బాగా ఎండిపోయింది" అంది నిస్సి. వెనక ఉద్యోగులు లైట్లు ఆర్పేస్తున్నారు. "లాస్ట్‌సారి పెడతాను మేడం. తర్వాత సిస్టమ్ క్లోజ్ అయిపోతుంది."

భాగ్య వేలు వెనక్కి తీసుకుంది. ఏం ఆలోచించిందో, అసలు ఆలోచించిందో లేదో, ఆ బొటనవేలును పాపిట్లో పెట్టి పరపరా రుద్దుకుంది. మా ఊళ్ళో రేషన్ షాపు దగ్గర వేలిముద్ర పడనివాళ్ళంతా చేసే పనే అది. డీలరే చెబుతాడు, తలకు రుద్దుకో అమ్మా అని. పొద్దున ఆగమ్మ గిన్నెడు నూనె పోసింది కదా, వేలు నిగనిగలాడింది. నిస్సి కళ్ళు పెద్దవి చేసి చూసి, ఏమీ అనకుండా ఒక టిష్యూ అందించింది. భాగ్య పైపైన తుడిచి వేలు పెట్టింది.

పచ్చగా వెలిగింది.

హమ్మయ్య! నేను బయటికే అన్నాను, హాలంతా వినబడేలా. అప్పటిదాకా టీవీలో వార్తలు చదివే మనిషిలా మాట్లాడిన నిస్సి పకపకా నవ్వేసింది. "మా అమ్మ గూడ గిట్లనే చేస్తది" అంది. ఆ పిల్లను అక్కడికక్కడే మా ఇంటికి భోజనానికి పిలిచాను.

తర్వాత సంతకమూ, లోపల మూసేందుకు తొందరపడుతున్న డాక్టర్ పరీక్షా ఎలా అయిపోయాయో నాకు గుర్తులేదు. బయటికి వస్తే ఆగమ్మ పిండిన నిమ్మతొక్కలు ఇంకా చేతిలోనే పట్టుకుని గేటుకు అతుక్కుని ఉంది.

"పడ్డయా?"

"పడ్డయ్ అత్తమ్మా. అన్నీ పడ్డయ్. ఆఖరిది నీ నూనెతోనే పడ్డది."

ఆగమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఎవరికి పెట్టిందో తెలియదు, ఎదురుగా అయితే సెక్యూరిటీ ఆయనే ఉన్నాడు. బస్సులో చల్లారిపోయిన కంకులు తిన్నాం. అంత రుచైన కంకి నేను జీవితంలో తినలేదు. పొద్దున్నుంచీ పట్టేసిన నా మెడ నర్సాపూర్ దాటాక వదిలింది. ఆగమ్మ నా భుజం మీద తల వాల్చి గురక పెట్టింది. నేను కదపలేదు.

ఆ తర్వాత రోజులు ఊరికే గడిచాయంటే నమ్మకండి. ఒప్పందం మీద సంతకం సరిగ్గా పెట్టానా, డాక్టర్ ఎందుకు రెండుసార్లు ఊపిరి పీల్చమన్నాడు అని భాగ్య నన్ను రోజూ తినేసింది. ఒక సాయంత్రం నా జాకెట్ చేతులు కుడుతుంటే శ్రీనివాస్ ఫోన్ వచ్చింది. విని, "మంచిది సార్" అని పెట్టేసింది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

"ఏమన్నడే?" అన్నాను.

"వీసా వచ్చిందంట" అంది తల ఎత్తకుండా. నేను వంగి చూస్తే సూదిలో దారమే లేదు. ఉత్త సూదితో నా జాకెట్ చేయి మొత్తం కుట్టేస్తోంది. మిషను ఆపి ఆమెను వాటేసుకున్నాను. ఇద్దరం ఏడ్చాం, నవ్వాం, నేనైతే వీధంతా వినబడేలా ఆగమ్మను కేకేశాను.

భాగ్య చంద్రకాంత్‌కు వీడియో కాల్ చేసింది. అతను ఏదో మేడ మీద ఏసీ పెట్టెల మధ్య ఉన్నాడు, మొహమంతా చెమట. "నిజంగనా? నిజంగనా?" అని చాలాసేపు అదే మాట అన్నాడు. చివరికి, "ఎయిర్‌పోర్టుకొస్త. ఈసారి వాటర్ బాటిల్ నేను తెస్త" అన్నాడు. భాగ్య ఫోన్ నా చేతిలో పెట్టి షెడ్డు వెనక్కి వెళ్ళిపోయింది. నేను అతనితో వాతావరణం గురించి మాట్లాడాను.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం షెడ్డుకు వెళ్ళాను. నా జాకెట్ ఇస్త్రీతో సహా రెడీగా ఉంది. చెప్పిన రోజుకు ఇవ్వడం అదే మొదలు. మీ అత్త ఒక్కతే ఎట్లుంటదే అని అడుగుతున్నాను. పక్క వీధిలోనే ఆడబిడ్డ దేవిక ఉంది, ఆమె పిల్లలు అత్తమ్మ దగ్గరే పడుకుంటారు అని చెబుతోంది. అంతలో ఆగమ్మే వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె, గిన్నెలో పచ్చగా నూరిన ముద్ద.

"ఆగు! అక్కడనే ఆగు ఆగమ్మా!" అని అడ్డం నిలబడ్డాను. "విమానం కాడ మళ్ళ వేళ్ళు అడుగుతరో ఏమో. చేతులు ముట్టినవంటే ఊకోను."

"చేతులకు కాదు పంతులమ్మా. నాకు గంత బుద్ధి లేదా?"

నన్ను పక్కకు జరిపి, కింద కూర్చుని, భాగ్య పాదం పట్టుకుంది. భాగ్య ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి లాక్కుంది. మా దగ్గర చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళు ముట్టాలి గానీ, అత్త కోడలి కాళ్ళు పట్టుకోవడం ఎవరూ చూసి ఉండరు.

"అయ్యో అత్తమ్మా, నా కాళ్ళు ముట్టుడేంది! తప్పు, లే!"

"ఊకె కూసో బిడ్డా" అంది ఆగమ్మ, గిన్నెలోంచి ముద్ద తీస్తూ. "నాడు గడప తొక్కొద్దని నేను ఎల్లగొట్టిన కాళ్ళు గివే గదా. రేపు నా కొడుకు దిక్కు పోయే కాళ్ళు గూడ గివే."

భాగ్య కాళ్ళు చాపింది.